గోడది చెమ్మ, నింద మాత్రం ఆమెకి

ఇంటి గోడకి బూజు పడితే ఆ ఇల్లాలికి శుభ్రం తెలియదంటారు. ఆ ఇల్లాలి ఒంటికి దురద పుడితే ఆవిడకి స్నానం తెలియదంటారు. ఆ గోడ కట్టిందెవరు, దానికి కిటికీ ఎందుకు పెట్టలేదు, మేడ మీద నిలిచిన వాననీళ్ళు ఎటు పోవాలి, నెలనెలా అద్దె తీసుకుంటున్నదెవరు అన్న ప్రశ్నలు మాత్రం ఎవరికీ తోచవు. చెమ్మ అనేది కట్టడానికి, ఇంటి యజమానికి, మున్సిపాలిటీకి సంబంధించిన విషయం. అది ఆడవాళ్ళ గుణగణాలకి సంబంధించిన విషయంగా ఎలా మారిపోయింది?

ఏ వానాకాలమైనా సరే, పత్రికల్లో స్త్రీల పేజీలు తిరగేసి చూడండి. గోడల మీద బూజు పోవడానికి చిట్కాలుంటాయి. వెనిగర్, నిమ్మచెక్క, వంటసోడా, బీరువాలో కర్పూరం బిళ్ళలు. "గృహిణులారా" అన్న మాట రాసినా రాయకపోయినా అవన్నీ గృహిణికే. పక్కనే మరో శీర్షిక, వానల్లో చర్మాన్ని కాపాడుకోవడం ఎలా అని. అదీ ఆవిడకే. గోడనీ ఆవిడే తుడవాలి, ఒంటినీ ఆవిడే తుడుచుకోవాలి. ఈ రెండు శీర్షికలకీ సంబంధం ఉందని గాని, ఆ గది కట్టినవాడికి ఇందులో ఏమైనా బాధ్యత ఉందని గాని ఒక్క వాక్యం కనబడదు.

భాష కూడా ఇందులో కొంత మోసం చేస్తోందనిపిస్తుంది నాకు. మనం పైకప్పు మూలల్లో వేలాడే సాలెగూళ్ళనీ, పొగదుమ్మునీ బూజు అంటాం. పచ్చడి మీద తేలే తెల్లటి పొరనీ బూజే అంటాం. గోడ మీద నల్లగా, పచ్చగా అల్లుకునేదానికీ అదే పేరు. మొదటి రకం బూజు కర్రతో దులిపితే పోతుంది, పండగ ముందు దులపకపోతే అది నిజంగా ఇంట్లోవాళ్ళ బద్ధకమే (అందరి బద్ధకమూ, ఒక్క ఆవిడదే కాదు). మూడో రకం దులిపితే పోదు. అది గోడ లోపల నీళ్ళున్నాయని చెప్పే గుర్తు. ఒకే మాట వాడటం వల్ల ఈ రెండోదాన్ని కూడా చీపురుకీ, చీపురు పట్టుకున్న చేతికీ అంటగట్టడం సులువైపోయింది.

ఇక శాస్త్రం ఏం చెబుతోందో చూద్దాం. నేను సమాజశాస్త్రంలో డాక్టర్ని, చర్మానికి కాదు. కాని ఈ విషయం మీద అచ్చయినది చదవడానికి చర్మవైద్యంలో పట్టా అక్కర్లేదు.

గోడ బూజు ఒక శిలీంధ్రం. ఆస్పర్జిల్లస్, పెనిసిలియం, క్లాడోస్పోరియం, ఆల్టర్నేరియా వంటివి మామూలుగా కనబడే జాతులు. వాటి బీజాలు కంటికి కనిపించనంత చిన్నవి, గాలిలో ఎప్పుడూ ఉంటాయి, రాజభవనంలోనూ ఉంటాయి. తిండికి వాటికి లోటు లేదు. గోడ రంగు, చెక్క, కాగితం, బట్ట, తోలు, దుమ్ము, ఏదైనా తింటాయి. కావలసిందల్లా నీళ్ళు. తడిసిన చోటు ఒకటి రెండు రోజుల్లో ఆరకపోతే మొలకెత్తడం మొదలుపెడతాయి. అంటే ఒక ఇంట్లో బూజు ఉందా లేదా అన్నది బీజాల మీద ఆధారపడదు, తడి మీద ఆధారపడుతుంది. తడి ఎక్కడినుంచి వస్తుంది? పునాది దగ్గర చెమ్మ పైకి పాకకుండా వెయ్యాల్సిన పొర వెయ్యకపోతే నేలలోంచి వస్తుంది. మేడకి వాలు లేకపోతే పైనించి వస్తుంది. స్నానాల గది గోడా, పడుకునే గది గోడా ఒకటే అయినప్పుడు పక్కనించి వస్తుంది. ఒకే గదిలో వండి, ఉతికి, ఆరేసి, అయిదారుగురు పడుకుంటే ఆ ఆవిరంతా ఆ గదిలోనే ఉంటుంది. పాత సున్నపు గోడల మీద సిమెంటు పూత వేసి, ఆపైన నిగనిగలాడే రంగు వేస్తే లోపలి తడి బయటికి పోయే దారి కూడా మూసుకుపోతుంది. కొన్నాళ్ళకి రంగు బుడగలెత్తి పెచ్చులుగా ఊడుతుంది. వీటిలో ఏ ఒక్కటీ నిమ్మచెక్కతో పోయేది కాదు.

మరి చర్మం సంగతి? ఇక్కడ జాగ్రత్తగా మాట్లాడాలి, ఎందుకంటే భయపెట్టేవాళ్ళు ఒకవైపు, కొట్టిపారేసేవాళ్ళు మరోవైపు ఉన్నారు. ఆరోగ్యంగా ఉన్న మనిషి చర్మం మీద గోడ బూజు మొలవదు. తామర కలిగించే శిలీంధ్రాలు వేరు, అవి మనిషి నుంచి మనిషికి, తువ్వాలు, పక్కబట్టలు, దువ్వెన ద్వారా, పశువుల నుంచి వస్తాయి. గోడ మీద మచ్చ చూపించి "ఇదే నా తామర" అంటే అది నిజం కాదు. కాని అలెర్జీ తత్వం ఉన్నవాళ్ళకి బూజు తగిలినా, దాని బీజాలున్న గాలి సోకినా ఒళ్ళు ఎర్రబడటం, దురద, దద్దుర్లు రావచ్చు. ఎగ్జిమా ఉన్న పిల్లలకి, పెద్దలకి అది ముదరవచ్చు. ముక్కు కారడం, ఆయాసం తోడవుతాయి. ఒళ్ళు గోక్కుంటే చిట్లుతుంది, చిట్లిన చోట చీము పడుతుంది. ఇక తామర సంగతి ఏమిటంటే, అది గోడనించి రాకపోయినా చెమ్మ ఇంట్లో సుఖంగా బతుకుతుంది. ఆరని బట్టలు, చెమట, ఒకే పక్క మీద నలుగురు, గాలి ఆడని గది, ఇవే దానికి కావలసినవి. గోడని తడిగా ఉంచిన ఇల్లే ఒంటినీ తడిగా ఉంచుతోంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ కార్యాలయం 2009లో ఇళ్ళలోని చెమ్మ, బూజుల మీద మార్గదర్శకాలు ప్రచురించింది. చెమ్మ ఇళ్ళలో ఉండేవాళ్ళకి శ్వాస సంబంధమైన జబ్బులు, ఉబ్బసం ముదరడం ఎక్కువని అందులో స్పష్టంగా చెప్పారు. గాలిలో ఇంత బూజు ఉంటే ఫరవాలేదని కొలత పెట్టడం సాధ్యం కాదనీ, చెమ్మనే లేకుండా చెయ్యాలనీ అన్నారు. దానికి ముందు 2004లో అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ ఇలాంటి సమీక్షే చేసి, ఊపిరితిత్తుల విషయంలో ఆధారాలున్నాయనీ, చర్మం విషయంలో చాలినన్ని లేవనీ తేల్చింది. దీన్ని పట్టుకుని "రుజువు లేదు కదా" అనేవాళ్ళుంటారు. చాలినంత రుజువు లేదు అన్నదానికీ, హాని లేదు అన్నదానికీ తేడా ఉంది. దురద ప్రాణం తియ్యదు కాబట్టి దాని మీద పరిశోధనకి డబ్బు రాదు. పైగా ఆ సమీక్షలు ఆధారపడిన అధ్యయనాల్లో ఎక్కువభాగం చలిదేశాలవి. చలికి తలుపులన్నీ బిగించుకున్న ఇళ్ళలోని చెమ్మ వేరు, జూలై నెలలో కిటికీయే లేని పదడుగుల గదిలో, నాలుగు మూరల తాడు మీద ఆరని బట్టల కింద పడుకునే మనిషి చెమ్మ వేరు. ఆ మనిషిని ఎవరూ కొలవలేదు.

భయం సంగతి వస్తే, 2021 మే నెలలో కోవిడ్ రెండో ఉధృతిలో బ్లాక్ ఫంగస్ అన్న మాట ఊరంతా మోగింది. అది మ్యూకర్ జాతి శిలీంధ్రాల వల్ల, ముఖ్యంగా చక్కెర వ్యాధి అదుపులో లేనివాళ్ళకి, ఎక్కువ స్టెరాయిడ్లు వాడినవాళ్ళకి వచ్చిన ప్రాణాంతకమైన జబ్బు. ఉల్లిపాయల మీద ఉండే నల్లపొరతో గాని, ఫ్రిజ్ తలుపు రబ్బరు మీది నల్లమరకతో గాని దానికి సంబంధం లేదు. అయినా వాట్సాప్‌లో ఆ పుకారు తిరిగింది. అప్పుడు ఆ ఫ్రిజ్ రబ్బర్లు తోమిందెవరో నేను చెప్పక్కర్లేదు. గోడ చెమ్మ గురించి ఏళ్ళ తరబడి మొత్తుకుంటే కదలని ఇళ్ళలో, పుకారు రాగానే ఆడవాళ్ళ చేత సబ్బునీళ్ళు పట్టించారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఒకే ఇంట్లో చెమ్మ అందరికీ ఒకేలా తగలదు. జాతీయ గణాంక కార్యాలయం 2024లో చేసిన కాలవినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకి సగటున 289 నిమిషాలు ఆ పనిలో గడుపుతారు, పురుషులు 88 నిమిషాలు. దాదాపు అయిదు గంటలు ఆవిడ ఆ గోడ పక్కనే, ఆ తొట్టి దగ్గరే, ఆ తడిలోనే ఉంటుంది. బూజుని గోకేదీ ఆవిడే. గోకినప్పుడు బీజాలు ఒక్కసారిగా గాలిలోకి లేస్తాయి, చేతులకీ మొహానికీ తగులుతాయి. దాన్ని చంపడానికి బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీళ్ళలో చేతులు పెట్టేదీ ఆవిడే. అదీ చాలక కొందరు బ్లీచింగ్‌లో మరుగుదొడ్డి యాసిడ్ కలుపుతారు. వాటినించి వచ్చేది క్లోరిన్ వాయువు, ఊపిరితిత్తులని కాల్చేది. ఎవరూ చెప్పరు ఈ సంగతి, చిట్కాల పేజీతో సహా.

రోజుకి రెండు గంటలకి మించి చేతులు తడిలో ఉండే పనిని జర్మనీ వంటి దేశాల్లో 'తడి పని' అని వేరే లెక్కకడతారు, అది చర్మానికి హాని కాబట్టి పని ఇచ్చేవాడు చేతొడుగులూ, లేపనాలూ ఇవ్వాలి. ఆ నిబంధన నర్సులకి, క్షురకులకి, హోటలు పనివాళ్ళకి. అంట్లు, బట్టలు, గోడ, నేల అన్నీ కలిపి రోజుకి నాలుగైదు గంటలు తడిలో ఉండే మన ఆడవాళ్ళ చేతులకి ఏ నిబంధనా లేదు. పదిళ్ళలో పాచిపని చేసే మనిషి తన ఇంటికొచ్చి మళ్ళీ అదే చేస్తుంది. వేళ్ళ సందులు తెల్లగా నాని చిట్లిపోతాయి. గోళ్ళ మొదళ్ళు ఉబ్బుతాయి. దాన్ని చూసిన అమ్మగారు మర్నాటినించి రావద్దంటుంది. వృత్తివల్ల వచ్చిన జబ్బు, ఉద్యోగం ఊడగొట్టడానికి కారణం అవుతోంది.

హైదరాబాద్‌లో మూసీ ఒడ్డు బస్తీల్లో కొన్నేళ్ళుగా తిరుగుతున్నాను. అద్దె గదిలో ఉండే ఒకామె, మెడ నిండా దురదతో, నాతో అన్న మాటలివి: "గోడకు నేనేం జెయ్యాలె మేడం? ఓనర్‌కు చెప్తె ఖాళీ చెయ్యమంటడు. దవాఖానకు పోతె సాఫ్‌గ ఉండుమంటరు. సాఫ్‌గ ఉండనీకె నీళ్ళు రెండ్రోజుల కొక్కసారొస్తయ్." ఈ మూడు వాక్యాల్లో ఇంటి చట్టం, వైద్యం, నీటి సరఫరా మూడూ ఉన్నాయి. వేటికీ ఆమె కారణం కాదు. కాని మూడు చోట్లా తలదించుకుని నిలబడింది ఆమే.

ఇక్కడ బట్టల సంగతి చెప్పకుండా ముందుకి పోలేను, ఎందుకంటే ఎవరూ చెప్పరు. మగవాళ్ళ బనియన్లు, డ్రాయర్లు వీధి వైపు తాడు మీద ఎండలో రెపరెపలాడతాయి. ఆడవాళ్ళ లోదుస్తులు చీర కింద దాచి, తలుపు వెనక మేకుకి, స్నానాల గదిలో కొళాయి గొట్టానికి ఆరేస్తారు. నెలసరి గుడ్డలైతే ఇంకా చీకట్లో. ఎండకి చచ్చే శిలీంధ్రాలు ఆ చీకట్లో బతికి, మర్నాడు మళ్ళీ ఒంటికి చేరతాయి. తొడల మధ్య, రొమ్ముల కింద, లంగా బొందు బిగించే నడుము చుట్టూ తామర ఎందుకు తగ్గదో అడిగితే ఏ డాక్టరైనా "ఎండలో ఆరేసిన బట్టలు కట్టుకోండి" అంటాడు. ఏ ఎండ? ఇంటి ముందు ఆరేస్తే మామగారికి సిగ్గు. మేడ మీద ఆరేద్దామంటే ఇంటి యజమాని తాళం వేసుకుంటాడు. అద్దెవాళ్ళు మేడ ఎక్కకూడదని నోటిమాటగా పెట్టే షరతు మన నగరాల్లో ఎంత మామూలో అద్దెకున్న వాళ్ళందరికీ తెలుసు. సూర్యరశ్మికి కూడా యాజమాన్యం ఉంది.

ఒంటి మీద ఆ చోట్ల వచ్చింది కాబట్టి డాక్టరు దగ్గరికి వెళ్ళరు. మందుల షాపులో, అదీ మగవాళ్ళెవరూ లేనప్పుడు చూసి, దురద మందు అడుగుతారు. అతను ఇచ్చే ట్యూబులో చాలాసార్లు బలమైన స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు మూడూ కలిపి ఉంటాయి. రాసిన రెండు రోజుల్లో దురద తగ్గుతుంది, ఎరుపు పోతుంది. లోపల తామర పాకుతూనే ఉంటుంది. ఆపగానే రెట్టింపుగా లేస్తుంది. చర్మం పల్చబడి, చారలు పడుతుంది. దేశంలోని చర్మవైద్యుల సంఘం దీని మీద ఏళ్ళ తరబడి పోరాడిన మీదట, 2018లో కేంద్రప్రభుత్వం బలమైన స్టెరాయిడ్ పూతమందులని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. కాగితం మీద చేరింది. షాపు బల్ల మీద ట్యూబు అలాగే దొరుకుతోంది. ఈలోగా మన దేశంలో తామర స్వభావమే మారిపోయింది. మామూలు మందు టెర్బినాఫిన్‌కి లొంగని రకం ఒకటి వ్యాపించింది. దానికి 2020లో ట్రైకోఫైటన్ ఇండోటినియే అని, మన దేశం పేరు కలిపి, పేరు పెట్టారు. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు స్త్రీలకి అది కనబడితే అక్కడి అంటువ్యాధుల సంస్థ హెచ్చరిక నివేదిక విడుదల చేసింది. ఇక్కడ కొన్నేళ్ళుగా గోక్కుంటున్న స్త్రీలకి దొరికింది "శుభ్రంగా ఉండమ్మా" అన్న సలహా.

స్త్రీల ఆరోగ్యం అనగానే గర్భసంచి, కాన్పు, ఆపరేషను తప్ప మన ఆరోగ్యశాఖకి మరేమీ గుర్తురాదు. చర్మం స్త్రీకి ఉన్నట్టు సౌందర్య సాధనాల కంపెనీలకే తెలుసు. వాళ్ళు దాన్ని తెల్లబరచమంటారు.

ఇదంతా ఏదో బస్తీల గోల అనుకునేవాళ్ళకి విజయవాడ గుర్తుచెయ్యాలి. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ వంటి ప్రాంతాలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. పేదలూ ఉన్నారు, చిరుద్యోగులూ ఉన్నారు, అపార్ట్‌మెంట్ కొనుక్కున్నవాళ్ళూ ఉన్నారు. ప్రభుత్వం నీళ్ళలో మునిగిన కింది అంతస్తు ఇళ్ళకి 25,000 రూపాయలు, పై అంతస్తులకి 10,000 ఇస్తానంది. సాయం చెయ్యలేదని నేననను. కాని ఆ లెక్క సామాను లెక్క. గోడ లెక్క ఎక్కడా లేదు. వరద నీటిలో రోజుల తరబడి నానిన ఇటుక గోడ ఆరడానికి నెలలు పడుతుంది. ఆ నెలల్లో ఆ గోడ పక్కన ఎవరు పడుకోవాలి, చంటిపిల్లలని ఎక్కడ పడుకోబెట్టాలి, దీనికి ఏ శాఖా సమాధానం చెప్పలేదు. ఆ డిసెంబర్‌లో నేను వెళ్ళేసరికి వీధులు పొడిగా ఉన్నాయి. ఇళ్ళలోకి వెళితే గోడలకి నడుమెత్తున గీత, దాని కింద మాడు రంగు మచ్చలు. "నీళ్ళు వీధిలోంచి పోయాయండీ, గోడలోంచి పోలేదు" అంది ఒక పెద్దావిడ. ఆవిడ మనవడి మోచేతి మడతలు గోకి గోకి పుండ్లయ్యాయి. వాడికి అంతకుముందే ఎగ్జిమా ఉంది, నేను దాన్ని వరద ఖాతాలో మొత్తంగా వెయ్యడం లేదు. కాని కోడలు తడిగోడ పక్కన మంచం వేసిందని అత్తమామల చేత, చుట్టాల చేత మాటలు పడుతోంది. ఆ గదికి ఇంకో గోడ లేదు.

ఇలా నింద మోపడం మన దేశపు ఆచారం మాత్రమే కాదు. ఇంగ్లండులోని రోచ్‌డేల్ పట్టణంలో సూడాన్ నుంచి వచ్చిన దంపతులు ఒక హౌసింగ్ సంస్థ ఇంట్లో అద్దెకుండేవారు. ఇంట్లో బూజు ఉందని 2017 నుంచి చెబుతూ వచ్చారు. దాని మీద రంగు వేసుకోమన్నారు. వాళ్ళ కొడుకు అవాబ్ ఇషాక్ 2020 డిసెంబర్‌లో, రెండేళ్ళు నిండిన కొద్దిరోజులకే, శ్వాస ఆడక చనిపోయాడు. బూజు పట్టిన ఇంట్లో చాలాకాలం ఉండటం వల్లే చనిపోయాడని 2022 నవంబర్‌లో కరోనర్ తేల్చారు. విచారణలో బయటపడ్డ సంగతి ఏమిటంటే, ఆ కుటుంబం స్నానం చేసే పద్ధతి వల్లే ఇంట్లో తేమ చేరుతోందని సంస్థ ఊహించేసుకుంది. నల్లవాళ్ళు, వలస వచ్చినవాళ్ళు, కాబట్టి తప్పు వాళ్ళ అలవాట్లలోనే ఉండాలి. అంతకు ఏడాది ముందే, 2021లో, అక్కడి హౌసింగ్ అంబుడ్స్‌మన్ చెమ్మ, బూజులు అద్దెదారుల జీవనశైలి సమస్య కాదని నివేదిక ఇచ్చి ఉన్నారు. చివరికి 2023లో ఆ పిల్లవాడి పేరుతో చట్టం వచ్చింది. 2025 అక్టోబర్ 27 నుంచి సామాజిక గృహాల యజమానులు తీవ్రమైన చెమ్మ ఫిర్యాదుని పది పనిదినాల్లో విచారించాలి, ప్రాణాపాయం ఉంటే ఇరవైనాలుగు గంటల్లో చర్య తీసుకోవాలి. అక్కడ 'జీవనశైలి' అన్నదాన్నే ఇక్కడ 'శుభ్రత' అంటారు. అక్కడ వలస కుటుంబాన్ని అన్నారు, ఇక్కడ ఆడవాళ్ళనీ, వాళ్ళలోనూ దళిత, ముస్లిం బస్తీల ఆడవాళ్ళనీ మరింత తేలిగ్గా అంటారు. మురికి అనే మాటకి మన దేశంలో కులం ఎప్పుడూ అంటుకునే ఉంటుంది.

మనకి చట్టాలు లేవా? ఉన్నాయి, దొరకని చోట. సుప్రీంకోర్టు చమేలీ సింగ్ కేసు తీర్పులో (1996) నివాసం జీవించే హక్కులో భాగమని చెబుతూ, నివాసమంటే తలదాచుకునే నీడ మాత్రమే కాదనీ, చాలినంత చోటు, భద్రమైన కట్టడం, వెలుతురు, స్వచ్ఛమైన గాలి, నీళ్ళు అందులో ఉండాలనీ అంది. దళితుల ఇళ్ళకోసం భూమి సేకరించడాన్ని సమర్థించిన తీర్పు అది. తర్వాత ప్రభుత్వాలు కట్టిన కాలనీల్లో ఆ గాలీ వెలుతురూ ఎంత ఉన్నాయో అక్కడ ఉండేవాళ్ళనే అడగండి. 2016 నాటి జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం వేడీ తేమా కలిసిన ప్రాంతాల్లో గదికి గాలి వచ్చే మార్గాలు నేల వైశాల్యంలో ఆరోవంతు ఉండాలి. అంటే వంద చదరపుటడుగుల గదికి దాదాపు పదిహేడు చదరపుటడుగుల కిటికీ. మీరు చూసిన అద్దె గదులని తలచుకోండి. ఆ నియమావళి స్థానిక నిబంధనల్లోకి ఎక్కితే తప్ప ఎవరినీ కట్టిపడెయ్యదు, ఎక్కినా అద్దెకిచ్చే గదిని వచ్చి కొలిచేవాడు లేడు. ఫ్లాట్ కొన్నవాళ్ళకి 2016 రియల్ ఎస్టేట్ చట్టం ఉంది. స్వాధీనం చేసిన అయిదేళ్ళ లోపు కట్టడంలో లోపం బయటపడితే బిల్డరు ముప్ఫై రోజుల్లో సొంత ఖర్చుతో సరిచెయ్యాలి. కొన్నవాళ్ళకి, కాగితం మీద పేరున్నవాళ్ళకి. ఆ పేరు ఎంతమంది ఇళ్ళలో ఆడవాళ్ళది?

అద్దెకున్నవాళ్ళకి ఆస్తి బదిలీ చట్టంలోని 108వ సెక్షను ఒక దారి చూపిస్తుంది. యజమాని చెయ్యవలసిన మరమ్మతుని, నోటీసు ఇచ్చిన తర్వాత కూడా తగిన గడువులో చెయ్యకపోతే, అద్దెదారు తానే చేయించుకుని ఆ ఖర్చు వడ్డీతో సహా అద్దెలో కోసుకోవచ్చు. చదవడానికి బాగుంటుంది. 'చెయ్యవలసిన' అన్న మాటలోనే మెలిక ఉంది. ఏది చెయ్యాలో ఒప్పందంలో రాసుకుని ఉండాలి, మన బస్తీల్లో అద్దె ఒప్పందమంటే నోటిమాట. పైగా నోటీసు ఇచ్చిన మర్నాడు సామాను వీధిలో ఉంటుంది. ఒంటరి స్త్రీకి, ముస్లింకి, దళితురాలికి ఇంకో గది దొరకడానికి ఎన్ని గడపలెక్కాలో ఇల్లు వెతికిన ప్రతి ఒక్కరికీ తెలుసు. అందుకే ఆమె ఫిర్యాదు చెయ్యదు, గోడకి పాత క్యాలెండరు అడ్డం పెడుతుంది.

అందువల్ల అడగవలసింది స్త్రీలకి శుభ్రత మీద అవగాహన శిబిరాలు కాదు. అవి చాలా జరిగాయి. వరద వచ్చినప్పుడు నష్టం రాసుకునే ఫారంలో గోడ కూడా ఒక సామానుగా ఉండాలి, అది ఆరేదాకా అద్దె ఆగాలి, వేరే చోటు చూపించాలి. చర్మవ్యాధితో వచ్చిన స్త్రీ ఓపీ చీటీ మీద మందు పేరుతోపాటు ఇంటి సంగతి కూడా రాయాలి. కిటికీ ఉందా, గోడ చెమ్మగా ఉందా, బట్టలెక్కడ ఆరేస్తారు, ఎన్ని గంటలు చేతులు తడిలో ఉంటాయి. అలా వెయ్యి చీటీలు పోగైతే రుజువు లేదనేవాళ్ళకి చూపించడానికి ఏదో ఒకటుంటుంది. తామర మందు వారం రోజులిచ్చి పంపకుండా, ఇంట్లో అందరికీ, పూర్తికాలం, ఉచితంగా ఇవ్వాలి. ప్రభుత్వ ఇళ్ళని అప్పగించే ముందు ఒక వానాకాలం చూడాలి. అద్దెకిచ్చే గదికి కిటికీ కొలత మున్సిపాలిటీ బాధ్యత కావాలి. ఇవేమీ విప్లవాలు కావు.

ఈలోగా కొందరు ఎదురుచూడకుండా మొదలుపెట్టారు. హైదరాబాద్‌లో నేనెరిగిన ఒక మూడంతస్తుల ఇంట్లో అద్దెకున్న నలుగురు స్త్రీలు కలిసి వెళ్ళి ఇంటి యజమానిని మేడ తాళం అడిగారు. విడివిడిగా అడిగినప్పుడు విసుక్కున్న మనిషి, నలుగురూ గుమ్మంలో నిలబడేసరికి పదినించి నాలుగు దాకా తీస్తానన్నాడు. ఆడవాళ్ళ లోపలి బట్టలు వీధికి కనబడకూడదని ఒక షరతు పెట్టాడు. వాళ్ళు ఆ షరతు ఒప్పుకోలేదు. రెండు వారాలు వాదన నడిచింది. ఇప్పుడు తాళంచెవి వాళ్ళ దగ్గరే ఉంటోంది, వంతులవారీగా. వచ్చే నెల కిటికీ గురించి అడగబోతున్నారు.